గడప కింద ఎర్రాకు

సత్యవేణికి మొక్కలంటే మొదట్నుంచీ పడదు. కుండీలో తులసి తప్ప ఆవిడ చేతిలో ఏదీ బతికిన పాపాన పోలేదు. అలాంటి మనిషి కొట్టులోకి ఒకరోజు పొద్దున్నే ఒక వేరు వచ్చి కూర్చుంది. మొక్క లేదు, కొమ్మ లేదు, ఉత్త వేరు. గాజు గొట్టంలో సేమ్యా పోగులా సన్నగా, తెల్లగా ఉంది. దాన్ని చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని ఆటో దిగిన అమ్మాయి పేరు నౌషీన్. కర్నూలు పిల్ల. నేలనీళ్ల పరిశోధనశాలలో సైంటిస్టు.

"ఆంటీ, కాస్త నీడ చూపిస్తారా? దీనికి ఎండ పడదు" అంది నౌషీన్.

"నాకూ పడదులే. లోపలికి రా" అంది సత్యవేణి.

ఆ అమ్మాయి ఎందుకొచ్చిందో చెప్పాలంటే ఎనిమిది నెలలు వెనక్కి వెళ్లాలి. కాకినాడ సబ్బుల వీధిలో ఎదురింటి బేబమ్మకు లివరు దెబ్బతిందని తేలింది. ఏ నీళ్లు తాగుతున్నారని డాక్టరు అడిగాడు. బోరు నీళ్లన్నారు. నీళ్లు పరీక్షకు పంపితే వాటిలో పెర్కు ఉందని వచ్చింది. పెర్కు అంటే పట్టుచీరల మీదా, కోట్ల మీదా మరకలు వదిలించే మందు. చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది, నీళ్లకంటే బరువు, కాస్త తియ్యటి వాసన. నేలమీద పడిందంటే దిగిపోయి, ఎక్కడో అడుగున నీళ్లకింద కూర్చుంటుంది. ఏళ్లు గడిచినా లేవదు.

వీధిలో పెర్కు వాడిన కొట్టు ఒక్కటే, ధవళ డ్రై క్లీనర్స్. ఇంకేముంది! ముప్ఫై ఏళ్లు ఆ కొట్టు నడిపి, నాలుగేళ్ల కిందట కాలం చేసిన సత్యవేణి మొగుడు వీర్రాజే పెరట్లో పారబోశాడని వీధంతా తీర్మానించేసింది. బోర్లకు సీళ్లు పడ్డాయి. రోజుకు రెండుసార్లు ట్యాంకరు వస్తోంది. కొట్టు కూలగొట్టి మట్టంతా తవ్విపారెయ్యాలని రిటైరైన డ్రిల్లు మాస్టారు పాపారావుగారు అర్జీ రాసి, ఇంటింటికీ తిరిగి సంతకాలు పెట్టించాడు.

వీర్రాజు సంగతి సత్యవేణికి తెలియదా! మిషను కింద ట్రే, ట్రే కింద గోనెపట్టా, చుక్క కారితే గుడ్డతో తుడిచి ఆ గుడ్డని మళ్లీ డబ్బాలో వేసే మనిషాయన. పెర్కు ఉతికి ఉతికి నల్లబడ్డాక మిషను దాన్ని మరగబెట్టి తేర్చుకుంటుంది. అడుగున మిగిలిన మడ్డిని ఆయన క్యాన్లకెత్తి, మూతలు బిగించి, ఒక్కో క్యాను మీదా 'నేలకు తగలనివ్వరాదు' అని సొంత దస్తూరీతో రాసి, నెలకోసారి కంపెనీ వ్యానుకి అప్పగించేవాడు. అంతటి మనిషిని పట్టుకుని వీధికి విషం పెట్టాడంటే ఆవిడకి కడుపు రగిలిపోదూ?

"మా ఆయన నేల్లో చుక్క పొయ్యలేదు" అని ఎనిమిది నెలలుగా కనిపించిన వాళ్లందరితో అంటూనే ఉంది. వినేవాళ్లు తగ్గిపోయారు. చీరల రోలింగుకీ గంజికీ వచ్చేవాళ్లు ఇప్పుడు రెండు వీధులు దాటి వెళుతున్నారు. అదంతా ఒక ఎత్తు, బేబమ్మ మాట మానెయ్యడం ఒక ఎత్తు. పాతికేళ్ల స్నేహం. ఒకరింట్లో కూర ఉడికితే ఇంకొకరింట్లో కంచం పెట్టుకునేవాళ్లు. నీళ్ల రిపోర్టు వచ్చిన రోజునుంచీ బేబమ్మ ఎదురుపడితే తల తిప్పుకుని వెళ్లిపోతోంది. అది తలుచుకున్నప్పుడల్లా సత్యవేణికి ముద్ద దిగదు.

అందుకే నౌషీన్ ఫోన్ చేసి, "మీ కొట్టులో మకాం పెట్టి, పెర్కు ఎక్కణ్ణుంచి వచ్చిందో కనిపెడతాం" అనగానే సరేనంది. ఒక్కటే షరతు పెట్టింది.

"తేలినదాన్ని నువ్వు వీధి మధ్యలో నించుని అందరికీ చెప్పాలమ్మాయ్."

"ఏం తేలినా సరేనా ఆంటీ?"

"కొత్తగా తేలేదేంటి? నాకు తెలీదూ?" అంది సత్యవేణి.

మొదటిరోజే నౌషీన్ వేరు పనితనం చూపించింది. స్టీలు కంచంలో తడిమట్టి పరిచి, ఒక మూల సూదితో పెర్కు చుక్క వేసి, ఎదురుమూల వేరుని పడుకోబెట్టింది. సత్యవేణి టీ పెట్టి తెచ్చింది. ఆ టీ చల్లారేలోపు వేరు కొస మెల్లగా ఇటు తిరిగింది. కాసేపటికి జానెడు పాకి, చుక్క పడిన చోట తల పెట్టేసింది.

"ఓర్నాయనో! వాసన పట్టేసిందే!" అని సత్యవేణి గ్లాసు కింద పెట్టేసింది.

"దీనికి పెర్కే ఆకలి ఆంటీ. పల్చగా ఉన్నచోటినుంచి చిక్కగా ఉన్నచోటికి వెళుతుంది. దారిలో చీలిపోతుంది, ఎన్ని దారులుంటే అన్ని. మొట్టమొదట పోసిన చోటు దొరికితే ఆగిపోయి పైకి ఒక ఆకు వేస్తుంది. ఎర్రాకు. ఎంత ఎక్కువ పోస్తే అంత ఎరుపు."

"ఎవరు పోశారో చెబుతుందా?"

"చోటే చెబుతుంది. మనిషిని చెప్పదు."

"చోటు చాలు. మా పెరట్లో ఆకు లెయ్యకపోతే చాలు నాకు."

పెరట్లో మిషను ఉండిన గది వెనక గొయ్యి తీసి వేరుని నాటారు. దాన్ని అంటిపెట్టుకుని కంటికి కనబడని సూక్ష్మజీవులు ఉంటాయట, పెర్కుని కొరికి ముక్కలు చేసేవి అవేనట. వాటికి రోజూ తిండి పెట్టాలి. నౌషీన్ తెచ్చిన బెల్లప్పాకం మూడో రోజుకి అయిపోయింది.

"గంజి తింటాయా?" అని అడిగింది సత్యవేణి.

నౌషీన్ ఒక నిమిషం ఆలోచించి, "భేషుగ్గా తింటాయి" అంది.

ముప్ఫై ఏళ్లు ఊళ్లోవాళ్ల చీరలకు గంజి కాచిన చెయ్యి. ఇప్పుడు వేరుకి కాస్తోంది. పొద్దున్నే పలచగా కాచి, చల్లార్చి, గొయ్యి దగ్గర కూర్చుని పోసేది. పోస్తూ మాట్లాడేది కూడా. "తిను తల్లీ, తిని బాగా వెతుకు. మా ఆయన పేరు నిలబెట్టు" అనేది. లోపల కంప్యూటరు తెరమీద వేరు నడక గీతలుగా చూసుకుంటున్న నౌషీన్ ఆ మాటలు విని నవ్వుకునేది. ఆ పిల్లకి వేళకి అన్నం తినే అలవాటు లేదు. సత్యవేణి రెండు పూటలా కూర్చోబెట్టి తినిపించింది. వంకాయ పులుసుపచ్చడి అయితే ఆ అమ్మాయి కంచం నాకినంత పని చేసింది.

మిగతా రోజు మామూలే. ట్యాంకరు వస్తే బిందెతో వరసలో నిలబడ్డం, మిగిలిన ఒకటీ అరా చీరలు రోలింగ్ చెయ్యడం. వరసలో బేబమ్మ నాలుగు బిందెల ముందు నిలబడేది. మెడ సన్నగైపోయింది, కళ్లు పచ్చబడ్డాయి. "మందులేసుకుంటున్నావా?" అని అడగాలని సత్యవేణికి గొంతుదాకా వచ్చేది. బేబమ్మ బిందె ఎత్తుకుని వెనక్కి చూడకుండా వెళ్లిపోయేది.

ఏడో రోజు నౌషీన్ తెర పట్టుకుని పెరట్లోకి పరిగెత్తుకొచ్చింది.

"ఆంటీ! వేరు మీ పెరడు దాటేసింది. ఇక్కడ ఏమీ లేదు. చీలికలన్నీ వీధిలోకి వెళుతున్నాయి."

"అంటే?"

"అంటే ఇక్కడ పొయ్యలేదు. ఎక్కడో పోసింది ఇక్కడికి పాకి వచ్చింది."

సత్యవేణి గోడకి ఆనుకుని కూర్చుంది. తర్వాత లేచి, జీడిపప్పు వేయించి సేమ్యా పాయసం చేసింది. గిన్నెలోకి చూస్తే అచ్చం ఆ వేరులాగే ఉంది సేమ్యా. నవ్వొచ్చింది. మొదటి గిన్నె వీర్రాజు ఫోటో ముందు పెట్టి, "విన్నావా? నేను చెప్పలేదూ" అంది. అని కొంగుతో కళ్లు తుడుచుకుంది.

పదమూడో రోజు పొద్దున్న వీధిలో కేకలు వినబడ్డాయి. సత్యవేణి గంజి గిన్నె పట్టుకునే బయటికొచ్చింది. బేబమ్మ గుమ్మం ముందు నలుగురు మూగారు. గడపకీ కుడిపక్క ద్వారబంధపు కమ్మీకీ మధ్య సందులోంచి ఒక ఆకు తల బయటపెట్టింది. బొటనవేలంత ఉంది. ఎరుపంటే అలాంటిలాంటి ఎరుపు కాదు, నలుపుకి తిరిగిన ఎరుపు.

"ఇంకా ఉన్నాయి!" అని అవతలింటినుంచి ఎవరో అరిచారు. మధ్యాహ్నానికి లెక్క తేలింది. పదకొండు ఇళ్లు, పదకొండు ఆకులు. ఒక్కటీ పెరట్లో లేదు, దొడ్డి దగ్గర లేదు. అన్నీ సింహద్వారం కింద, కుడిపక్కనే.

నౌషీన్ బుర్ర గోక్కుంటూ గడపలన్నీ తిరుగుతోంది. సత్యవేణి కొట్టులోకి వచ్చి బల్లమీద కూర్చుంది. ఆ కుడిపక్క చోటు ఆవిడకి తెలుసు. అక్కడ వంగి వంగి పోసిన చెయ్యి ఇదే.

ఇరవై రెండేళ్ల కిందటి మాట. బేబమ్మ ఇల్లు కట్టుకుంటోంది. పాత గుమ్మాన్ని చెదలు పొట్టు పొట్టు చేసేశాయి. కొత్తగా టేకు ద్వారబంధం చేయించి, దానికీ చెద పడుతుందేమోనని గుమ్మం ఎత్తే ముహూర్తం నాడు భయపడి కూర్చుంది. "మా ఆయన మడ్డి ఉందే, దాని వాసనకే పురుగన్నది బతకదు" అంది సత్యవేణి. వీర్రాజు బ్యాంకుకి వెళ్లిన సందు చూసి, మూత బిగించని క్యానులోంచి టిఫిన్ గిన్నెలోకి వంచింది. వాసన తెలియకుండా పసుపూ కర్పూరం కలిపింది. కుడి కమ్మీ కింద నవధాన్యాలు వేసిన గోతిలో గ్లాసుడు పోసింది. క్యాను వంచుతున్నప్పుడు పక్కన గిన్నె పట్టుకున్నది బేబమ్మే. "ఇంకో గ్లాసు పొయ్యవే, నా గుమ్మం నూరేళ్లుండాలి" అంది. సత్యవేణి నవ్వి ఇంకో గ్లాసు పోసింది. అది చాలదన్నట్టు గిన్నెలో మిగిలింది కూడా వంపేసింది. ప్రాణ స్నేహితురాలు కదా!

ఆ గుమ్మానికి చెద పట్టలేదు. ఆ సంగతి వీధిలో పాకింది. ఇంకెవరు గుమ్మం ఎత్తినా సత్యవేణి రావలసిందే. పంతులుగారు ముహూర్తం చెప్పేవాడు, మేస్త్రీ గొయ్యి తీసేవాడు, సత్యవేణి వచ్చి చెదలమందు పోసేదాకా ద్వారబంధం లేచేది కాదు. ముత్తైదువలు పసుపుకుంకుమలతో వచ్చేవాళ్లు, ఆవిడ టిఫిన్ గిన్నెతో వచ్చేది. అదేం మందని ఎవరైనా అడిగితే మా అత్తగారి చిట్కా అని చెప్పేది. వీర్రాజుకి తెలిస్తే ఇంతెత్తు ఎగురుతాడని భయం. పురుగుకి పడనిది మనిషికి పడదేమోనని ఆవిడకి ఒక్కసారైనా తట్టలేదు. చెయ్యి చాచి చేసిన సాయం అది. నీళ్లలో విషం ఉందన్న రోజున కూడా ఆవిడ మొగుడి తప్పు లేదని వాదించిందే తప్ప, తన సాయాన్ని గుర్తుకు తెచ్చుకోలేదు.

సాయంత్రం నాలుగింటికి పాపారావు మాస్టారి అరుగు ముందు వీధంతా చేరింది. నౌషీన్ తెర పెట్టి చూపించింది. వేరు చీలికలు చీలికలుగా పదకొండు గడపలకు వెళ్లింది.

"కొట్టు దగ్గర ఆకు లేదు. పెర్కు అక్కణ్ణుంచి ఇళ్లకి రాలేదు. ఇళ్లనుంచే కిందికి దిగింది" అంది నౌషీన్.

మాస్టారు లేచి నిలబడ్డాడు. ఆయన మెల్లగా మాట్లాడినా మైదానం చివర నిలబడ్డవాడికి వినిపిస్తుంది. "ఇందులో తెలియందేముందమ్మా! వీర్రాజుకి మనందరిమీదా ఏదో కక్ష. ఎవరూ చూడకుండా గడప గడపకీ పోసి పోయాడు. అంతే!"

తలలన్నీ ఊగాయి. నౌషీన్ ఏదో అనబోయి ఆగింది. ఆ పిల్ల వేరు చోటే చెబుతుంది మరి.

సత్యవేణి అరుగు పక్కన నిలబడి ఉంది. నోరు మూసుకుంటే ఇక్కడితో అయిపోతుంది. చనిపోయిన మనిషికి కొత్తగా వచ్చే నష్టమేమీ లేదు. తను రేపూ ఎల్లుండీ ఈ వీధిలోనే బతకాలి. తలెత్తి చూసింది. ఎదురుగా కుర్చీలో బేబమ్మ. ఎనిమిది నెలల తర్వాత మొదటిసారి బేబమ్మ సూటిగా ఆవిడవైపే చూస్తోంది. చూస్తూ తల అడ్డంగా, కనీ కనపడకుండా ఊపింది. ఛీ కొడుతోందనుకుంది సత్యవేణి. అయినా ముందుకొచ్చింది.

"మాస్టారూ, మా ఆయన్ని ఇంక వదిలెయ్యండి. పోసింది నేను."

ఎవరికీ అర్థం కాలేదు.

"మీ గుమ్మాలెత్తినప్పుడు చెదలమందని పోశానే, అది మా మిషను మడ్డి. పసుపు కలిపి తెచ్చాను. ఆయనకి తెలీదండి. తెలిస్తే నన్ను గుమ్మం దాటనిచ్చేవాడు కాదు. మంచి చేస్తున్నాననుకున్నాను. మీ నీళ్లు పాడుచేసింది నేనే. మా బేబీ లివరు..."

మూల నిలబడ్డ ఒకావిడ "మా పిల్లలు తాగారే ఆ నీళ్లు!" అని ఏడ్చేసింది. ఇంకొకాయన సత్యవేణిని పోలీసుల దాకా తీసుకెళతానన్నాడు. "తీసుకెళ్లండి" అంది సత్యవేణి. ఒక ముసలాయన, "అడిగి మరీ పోయించుకున్నాం కదర్రా" అని గొణిగి, తల వంచుకుని ఇంటికి వెళ్లిపోయాడు. ఆ మాటతో కేకలు కొంచెం తగ్గాయి.

పాపారావు మాస్టారు తన గుమ్మంవైపు చూశాడు. అక్కడి ఆకు పాలిపోయి, గులాబీరంగు కంటే తక్కువగా ఉంది.

"మరి మాది ఇలా ఉందేం?" అన్నాడు. ఆయన గొంతు తగ్గించి మాట్లాడ్డం వీధి ఎప్పుడూ వినలేదు.

"మీకు అరగ్లాసే పోశానండి. ఆ వారం మీరు మా ఆయన్ని నలుగుర్లో కేకలేశారు."

ఎవరో కిసుక్కున నవ్వి నోరు మూసుకున్నారు. మాస్టారు కుర్చీలో కూలబడి, "నా అరుపు నాకు మేలు చెయ్యడం ఇదే మొదలు" అన్నాడు. అప్పుడర్థమైంది అందరికీ, ఆ ఆకుల ఎరుపు ఏమిటో. సత్యవేణి ఎవరిమీద ఎంత ప్రేమ పెట్టుకుందో అంత ఎర్రగా లేచాయి అవి. అందరి కళ్లూ బేబమ్మ గడపమీదికి వెళ్లాయి. బేబమ్మ లేచి లోపలికి వెళ్లి తలుపేసుకుంది.

కొట్టుకి తిరిగొచ్చాక నౌషీన్ రిపోర్టు తెరిచి కూర్చుంది.

"నేను చోట్లు రాస్తే చాలు ఆంటీ. మీ పేరు రాయక్కర్లేదు."

"రాయమ్మా. రాయకపోతే ఆయన పేరే ఉండిపోతుంది."

నౌషీన్ రాసింది. రాస్తుంటే ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇలాంటి వేర్లు ఇంకా ముప్ఫై ఊళ్లలో నాటాలి. ఒక్కో ఊళ్లో ఎవరి గడప కింద ఏ మంచితనం లేస్తుందోనని దానికి భయం పట్టుకుంది. సత్యవేణి దాని తల నిమిరి, అన్నం పెట్టింది.

"మరి బాగయ్యే దారి లేదా?" అని అడిగింది.

"ఉంది. వేరుని పీకకపోతే పెర్కుని అదే తినేస్తుంది. తొమ్మిదేళ్లు పట్టొచ్చు. ఆకు పచ్చబడితే నేల బాగైనట్టు. కానీ రోజూ ప్రతి ఆకు దగ్గరా తిండి పొయ్యాలి. ఒక్కరోజు మానినా వెనక్కి పోతుంది. మనిషిని పెట్టమని మున్సిపాలిటీని అడుగుతాను."

"మనిషెందుకు? గంజి కాయడం నాకు రాదా?"

అప్పటికి ఆవిడకి అరవై ఒకటి. తొమ్మిది కలుపుకుంటే డెబ్బై. ఆ లెక్క వేసుకుని కూడా అదే మాటంది.

మర్నాడు పొద్దున్నే బకెట్టు నిండా గంజి, ఒక గ్లాసు పట్టుకుని బయల్దేరింది. మొదటింటివాళ్లు తలుపు తియ్యలేదు. గడప దగ్గర వంగి, ఆకు మొదట్లో గ్లాసుడు పోసి ముందుకెళ్లింది. రెండో ఇంటావిడ కిటికీలోంచి చూస్తూ నిలబడింది, వద్దనలేదు. మూడో ఇంటాయన బకెట్టు అక్కడ పెట్టి దూరంగా పొమ్మన్నాడు, తనే పోసుకున్నాడు. మాస్టారు అరుగు దిగి వచ్చి, "నడుం వంచి పొయ్యకు, మోకాళ్లు వంచు. తొమ్మిదేళ్లు వంగాలి నువ్వు" అని డ్రిల్లు నేర్పాడు. అర్జీ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, మళ్లీ తియ్యలేదు.

బేబమ్మ ఇల్లు కావాలనే ఆఖరికి ఉంచుకుంది. బకెట్టు అడుగున గంజి కొంచెమే మిగిలింది. తలుపు వేసే ఉంది. సత్యవేణి చప్పుడు చెయ్యకుండా మోకాళ్ల మీద వంగింది. ఆ నల్లటి ఎరుపు చూస్తుంటే చెయ్యి సాగలేదు. ఎలాగో గ్లాసు ముంచి పోసింది.

తలుపు తెరుచుకుంది. బేబమ్మ పాదాలు కనిపించాయి. ఆ పాదాలు పట్టుకుందామన్నట్టు సత్యవేణి చెయ్యి చాపింది. బేబమ్మ వెనక్కి జరిగింది.

"తిట్టవే బేబీ. కొట్టు. మాట్లాడకుండా మాత్రం ఉండకే."

"తల ఊపాను కదే నిన్న. చెప్పకే, చెప్పకే అని. చూశావు కదా? ఎందుకు చెప్పావే?"

సత్యవేణి బిత్తరపోయి తలెత్తింది.

"రిపోర్టు వచ్చిన రోజే నాకు తెలుసు. గిన్నె పట్టుకున్నదాన్ని, నాకు తెలీదూ? నీతో మాట్లాడితే ఏదో ఒకరోజు నోరు జారుతుంది, నీ పేరు బయటికొస్తుంది. అందుకే మాట్లాడ్డం మానేశాను. మీ ఆయనంటావా, పోయిన మనిషి, ఆయనకి పోయేదేముంది అనుకున్నాను."

"ఆయనకి నేనున్నానే" అంది సత్యవేణి.

బేబమ్మ గుమ్మం కమ్మీ పట్టుకుని మెల్లగా గడపమీద కూర్చుంది. ఇద్దరి మధ్యా ఆ ఎర్రాకు ఉంది. ఎనిమిది నెలల ఏడుపూ ఇద్దరికీ అక్కడే వచ్చింది. వీధిలో ట్యాంకరు హారన్ కొట్టింది, ఇద్దరూ లేవలేదు.

కాసేపటికి బేబమ్మ పైట చెంగుతో ముఖం తుడుచుకుని, బకెట్లోకి తొంగిచూసింది.

"ఇంకో గ్లాసు పొయ్యవే" అంది.